ఛాయాచిత్రకారునికి గురువెందుకు?

(సంఘ సాహిత్య సభలో చేసిన ప్రసంగపాఠము)



సంగీతమునకు గురువు కావలెననుటలో మనలో ఎవరికిని సందేహము లేదు. నాట్యమునకును అంతే. వీణ కొన్నవాడు ఆ సాయంకాలమే కచేరికి కూర్చుండడు. కాని కెమెరా కొన్నవాడు మాత్రము ఆ సాయంకాలమునకే ఛాయాచిత్రకారుడగుచున్నాడు. నేడు కెమెరాను ప్రత్యేకముగా కొనవలసిన పనియు లేదు. ఇంటింట ప్రతివారి చేతిలోని ఫోనే కెమెరా. వెలుతురు కొలుచుట, దూరము సరిచూచుట మున్నగునవన్నియు యంత్రమే చూచుకొనును; మనము వ్రేలు తాకించిన చాలును. ఇట్టి విద్యకు గురువెందుకని అడుగువారిని నేను తప్పు పట్టను. యంత్రమును నడుపుటకే అయినచో నిజముగా గురువు అక్కరలేదు. యంత్రము ఎదుట దేనిని నిలుపవలెను, దేనిని విడువవలెను, ఎదుటి మనిషికి ఎంత దూరమున నిలువవలెను అను ప్రశ్నలు వచ్చినప్పుడే చిక్కు. వీనికి సమాధానము యంత్రముతో వచ్చు చిన్న పుస్తకములో ఉండదు.

మొదట మనకు దగ్గరి పేరు ఒకటి చెప్పెదను. రాజా దీన్ దయాళ్ పేరు హైదరాబాదు, సికిందరాబాదులు ఎరిగినవారికి కొత్త కాదు. ఆయన 1844లో మీరట్ సమీపమున సర్ధనాలో జన్మించి, రూర్కీ కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇందూరు పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగమున ప్రవేశించెను. అంచనాలు వేయుట, నక్షాలు గీయుట ఆయన పని. మనవంటి ఉద్యోగియే అని మనము కొంచెము గర్వపడవచ్చును! 1874 ప్రాంతమున కెమెరా పట్టెను. గవర్నరు జనరలు ఏజెంటు సర్ హెన్రీ డేలీ ప్రోత్సహించెను. తరువాత సర్ లెపెల్ గ్రిఫిన్ తనతో బుందేల్‌ఖండు పర్యటనకు తీసికొనిపోయెను. పిమ్మట ఆరవ నిజాము ఆస్థానములో స్థానమును, రాజా బిరుదమును లభించినవి. వీరందరును ఆయనను ఆదరించినవారు. అయితే ఆదరించువాడు వేరు, గురువు వేరు. ఆదరించువాడు చిత్రమును మెచ్చుకొని వెల ఇచ్చును. గురువు ఆ చిత్రమునే చూచి, ఇందులో నీవెక్కడ ఉన్నావని అడుగును. ఈ భేదమును మనస్సున ఉంచుకొనవలెనని కోరుచున్నాను.

గురువు పరాయివాడే కానక్కరలేదు. ఇప్పటి పాకిస్తానులోని ఝాంగులో 1942లో పుట్టిన రఘు రాయ్ సివిల్ ఇంజనీరింగు చదివి, ఢిల్లీలో సుమారు ఒక సంవత్సరము ప్రభుత్వోద్యోగము చేసి, అది తనకు సరిపడదని విడిచిపెట్టెను. (ఈ మాటను మన పిల్లలకు కొంచెము మెల్లగా చెప్పవలెను.) అన్నగారు ఎస్. పాల్ అప్పటికే పేరుపొందిన ఛాయాచిత్రకారుడు. తమ్ముడు ఒక పల్లెటూరికి పోయి తీసిన గాడిదపిల్ల చిత్రమును అన్నగారు చూచి, దానిని లండను టైమ్సు పత్రికకు పంపగా, అది అచ్చయ్యెను. 1966 నాటికి రఘు రాయ్ స్టేట్స్‌మన్ పత్రికలో చేరెను. 1971లో పారిసులో జరిగిన ఆతని ప్రదర్శనను చూచిన ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు ఆన్రీ కార్టియే బ్రెసాన్ ఆతనియందు అభిమానము పెంచుకొని, 1977లో మాగ్నమ్ సంస్థ సభ్యత్వమునకు ఆతని పేరు ప్రతిపాదించెను. ఇంట ఒక గురువు, బయట ఒక గురువు. ఇంటి గురువు చేసినది చూడుడు: పాఠము చెప్పుటకంటె ముందుగా, ఒక గాడిదపిల్ల చిత్రములో పనికివచ్చునదేదో ఉన్నదని కనిపెట్టెను.

ఇద్దరు గురువుల చేతిలో ఒక కన్ను ఎట్లు రూపుదిద్దుకొనునో ఇంతకంటె వివరముగా తెలియవచ్చు కథ యొకటి అమెరికాలో జరిగినది. నేడు ముఖ్యముగా చెప్పదలచినది ఆ కథనే. శిష్యుని పేరు పాల్ స్ట్రాండ్. గురువులు లూయిస్ హైన్, ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్. ఊరు న్యూయార్కు.

స్ట్రాండ్ 1890లో జన్మించెను. ఆతని తండ్రి వర్తకుడు. పండ్రెండేండ్ల ప్రాయమున తండ్రి ఒక చిన్న కెమెరాను బహుమానముగా ఇచ్చెను. పిదప బాలుని ఎథికల్ కల్చర్ పాఠశాలలో చేర్పించిరి. అచ్చట భూగోళము, ప్రకృతిశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడే హైన్. పాఠశాల అధికారి ప్రోత్సాహముతో ఆయన కెమెరా పట్టి, అప్పుడప్పుడే ఆ విద్యను తానును నేర్చుకొనుచు పిల్లలకును నేర్పుచుండెను. ఇట్టి ఉపాధ్యాయులే ఒక్కొక్కప్పుడు మేలు. తమకు కష్టమైనది ఏదో వారికి ఇంకను జ్ఞాపకముండును.

ఐరోపా నుండి ఓడలలో వచ్చి ఎల్లిస్ దీవిలో దిగుచున్న పేదవారిని హైన్ 1904 మొదలుకొని చిత్రములు తీయుచుండెను. మూటలు, చంటిపిల్లలు, అధికారుల ఎదుట బెదరిన చూపులు ఆ చిత్రములలో కనిపించును. 1908లో ఆయన పాఠశాల ఉద్యోగమును విడిచి జాతీయ బాలకార్మిక సంఘమునకు పని చేయసాగెను. ఆ పనిని గురించి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది. నూలు మిల్లులలో, గాజు బట్టీలలో, బొగ్గు గనులలో ఎనిమిది, తొమ్మిదేండ్ల పిల్లలు పని చేయుచుండిరి. యజమానులు కెమెరాతో వచ్చినవానిని లోనికి రానిత్తురా? హైన్ ఒకచోట బైబిలు అమ్మువానిగను, మరియొకచోట భీమా ఏజెంటుగను, ఇంకొకచోట యంత్రములను చిత్రించ వచ్చినవానిగను చెప్పుకొని లోపల ప్రవేశించుచుండెను. పిల్లవాని యెత్తు కొలుచుటకు అవకాశముండదు గనుక తన కోటు బొత్తాములు నేలనుండి ఎంతెత్తున ఉన్నవో ముందే కొలిచి గురుతుంచుకొని, పిల్లవాడు ఏ బొత్తామువరకు వచ్చుచున్నాడో చూచెడివాడు. కోటు జేబులో చేయి పెట్టి, లోపలి చిన్న కాగితము మీద పేరు, వయస్సు, కూలి వ్రాసికొనెడివాడు. 1908లో దక్షిణ కెరొలైనాలోని లాంకాస్టరులో తీసిన నూలు మిల్లు బాలిక చిత్రమునకు ఆయన వ్రాసిన వివరములో ఆ పిల్ల యెత్తు 48 అంగుళములని యున్నది. ఆమెకు ఇరువైపుల కనిపించు యంత్రముల వరుస, ఆ వరుస చివర దూరమున పెద్దవాడొకడు. ఆ అంకె లేకుండిన ఆ చిత్రము వట్టి జాలి చిత్రముగా మిగిలెడిది. ఇట్టివి ఐదువేలకు పైగా నేడు అమెరికా కాంగ్రెసు గ్రంథాలయములో ఉన్నవి.

ఇట్టివాడు బాలుడైన స్ట్రాండునకు మొదటి గురువు. ఆయన నేర్పినది రెండు సంగతులు. చీకటిలో మెగ్నీషియము పొడి వెలిగించి వెలుతురు పుట్టించుట మొదటిది, అది చేతిపని. మనుష్యుని కంటికి సూటిగా ఎదురు నిలుచుట రెండవది. ఇవి గాక మూడవదొకటి చేసెను, అది చాల గొప్పది. 1907 ప్రాంతమున తన తరగతి పిల్లలను వెంటబెట్టుకొని ఐదవ వీథి 291 సంఖ్య గల భవనములోని చిన్న ప్రదర్శనశాలకు తీసికొనిపోయెను. ఆ ప్రదర్శనశాల స్టీగ్లిట్జ్‌ది. అచ్చటి చిత్రములు హైన్ తీయు చిత్రములవంటివి కావు; ఒకవిధముగా ఆయన మార్గమునకు విరుద్ధములు. ఆ గోడల మీద పేదవారు లేరు, వార్త లేదు, వాదము లేదు. ఛాయాచిత్రమును శుద్ధ కళగా నిలువబెట్టుటయే అచ్చటివారి దీక్ష. తన మార్గము కానిదానిని శిష్యునికి చూపించుటకు ఎంత పెద్ద మనస్సు కావలెనో ఆలోచింపుడు. సంగీతములో ఒక బాణీ గురువు మరియొక బాణీ కచేరికి శిష్యుని చేయి పట్టుకొని తీసికొనిపోవుట మీరు ఎన్నిమారులు చూచితిరి? ఆనాటి సాయంకాలమే తాను ఛాయాచిత్రకారుడు కావలెనని స్ట్రాండ్ నిశ్చయించుకొనెనట.

ఆ తరువాత ఎనిమిదేండ్లు సాధన జరిగెను. 1909లో చదువు ముగించి, కొంతకాలము తండ్రి వ్యాపారములో పని చేసి, జీవనోపాధికై కళాశాల భవనముల చిత్రములు తీసి అమ్ముచు, అప్పుడప్పుడు తన చిత్రములను స్టీగ్లిట్జ్‌నకు చూపుచుండెను. ఆనాడు మెత్తని లెన్సు ఒకటి ఫ్యాషనుగా ఉండెను. దానితో తీసిన చిత్రమునకు అంచులు కరిగిపోయి, తెల్లవారుజామున మంచులో చూచినట్లుండును. చిత్రకారుని కుంచె పనివలె కనిపించుట ఆ లెన్సు ప్రయోజనము. చూడగానే కళవలె ఉండును గనుక అందరును దానిని వాడుచుండిరి, స్ట్రాండును వాడెను.

స్టీగ్లిట్జ్ వాడుకగా మాటలు దాచుకొనువాడు కాడు. 1864లో పుట్టి, బెర్లినులో చదివిన ఈయన న్యూయార్కులో ఒక విధమైన పీఠాధిపతివలె ఉండెను. వచ్చినవారు వినవలెను, ఆయన మాటాడవలెను. ఆయన స్ట్రాండ్ చిత్రములను చూచి ఇచ్చిన తీర్పును స్ట్రాండ్ తరువాతి కాలమున పలుమారు చెప్పుచుండెను. ఆ తీర్పు సారాంశమిది: ఈ లెన్సు సమస్తమును ఒకే పదార్థముతో చేసినట్లు చూపుచున్నది. గడ్డియు నీరును ఒకే తీరున ఉన్నవి. నీటికిని చెట్టు బెరడునకును భేదము లేదు. దీనిని విడువుము. లెన్సు ద్వారమును బాగుగా చిన్నది చేసి, ప్రతి వస్తువును దాని దాని స్వభావముతో కనిపించనిమ్ము.

ఈ విమర్శను కొంచెము పరిశీలింతము. ఇది పైకి కేవలము పనిముట్టును గురించిన సలహా. లెన్సు ద్వారము చిన్నదైనకొలది దగ్గరి వస్తువును, దూరపు వస్తువును కూడ స్పష్టముగా పడుననియు, అందుకు ప్రతిగా ఎక్కువసేపు వెలుతురు పడనీయవలెననియు ఈ విద్య తెలిసినవారందరు ఎరుగుదురు. కాని ఆ మాట లోపల ఒక ధర్మమున్నది. గడ్డి గడ్డివలెను, నీరు నీటివలెను కనిపించవలెనన్నచో చిత్రకారుడు తన భావుకత్వమును వాని మీద పులుమరాదు. సుందరముగా ఉండవలెనను ఆత్రముచేత మనము సత్యమును మెత్తబరచుచున్నామని గురువు చెప్పినాడన్నమాట. పొగడ్త అయినచో స్ట్రాండ్ మరి పదియేండ్లు ఆ మంచులోనే తిరుగుచుండెడివాడు. నా అభిప్రాయములో ఒక శిష్యునికి గురువు ఇచ్చినవానిలో ఇంత విలువైన తీసివేత మరియొకటి దొరకుట కష్టము. గురువు ఏమియు చేర్చలేదు. అడ్డుగా ఉన్నదానిని తొలగించెను, అంతే.

ఇంకొక సహాయమును మరువరాదు. స్టీగ్లిట్జ్ గోడల మీద పికాసో, మతీస్, సెజాన్, బ్రాంకూసీ వంటివారి కృతులు ప్రదర్శింపబడుచుండెను. ఇది తనకు వేరొక పాఠశాల అయ్యెనని స్ట్రాండ్ గ్రహించెను. 1916 వేసవిలో కనెక్టికట్ రాష్ట్రమున ట్విన్ లేక్స్ అనుచోట ఇంటి వసారాలో వంటింటి గిన్నెలను, కుర్చీని, కమ్ముల నీడలను పేర్చి పేర్చి చిత్రములు తీసెను. అది గిన్నె అనిగాని, అది నీడ అనిగాని వెంటనే తెలియదు. వంపులు, కోణములు మాత్రమే కనిపించును. గాయకుడు సరళీ స్వరములు పాడినట్లు ఆతడు వీనిని సాధన చేసెను.

సాధన ఫలించుటను మూడు చిత్రములలో చూడవచ్చును. మొదటిది 1915 నాటి వాల్ స్ట్రీట్ చిత్రము. ఉదయపు టెండలో ఆఫీసులకు పోవువారు పొడవైన నీడలు ఈడ్చుకొనుచు నడుచుచున్నారు. వారి వెనుక మోర్గన్ బ్యాంకు భవనపు గోడలో నిలువెత్తు నల్లని గూళ్లు వరుసగా ఉన్నవి. మనుష్యులు చీమలంత. ఆఫీసుకు పోవు వేళ మనము కూడ అట్లే కనిపింతుమేమో! రెండవది 1916 నాటి తెల్లని కంచె. పల్లెటూరి కంచె పలకలు తప్ప అందులో మరేమియు లేనట్లే ఉండును, అయినను కన్ను మరలదు. మూడవది అదే సంవత్సరము తీసిన గ్రుడ్డి స్త్రీ చిత్రము. వీథిలో వస్తువులు అమ్ముకొను ఆమె మెడలో గ్రుడ్డి అని పెద్ద అక్షరములతో వ్రాసిన పలక, పైన 2622 సంఖ్య గల లైసెన్సు బిళ్ల. కెమెరా ప్రక్కకు ఒక దొంగ లెన్సును బిగించి, వేరొక దిక్కును చూచుచున్నట్లు నటించుచు ఇట్టి చిత్రములను స్ట్రాండ్ తీసెను. ఈ పద్ధతి న్యాయమా అని నేటికిని వాదించువారున్నారు. నాకును ఆ సంశయము పూర్తిగా తీరలేదు. కాని ఆ ముఖమును చూచినప్పుడు హైన్ పాఠము వ్యర్థము కాలేదని తెలియును. కంచె చిత్రము రెండవ గురువుది, ముఖము మొదటి గురువుది.

1916లో స్టీగ్లిట్జ్ తన శాలలో శిష్యుని ప్రదర్శన పెట్టెను. 1903 నుండి తాను నడుపుచున్న కెమెరా వర్క్ పత్రిక చివరి సంచికను 1917లో పూర్తిగా స్ట్రాండ్ చిత్రములకే ఇచ్చెను. పత్రికను మూసివేయు వేళ చివరి పుటలను ఒక్క శిష్యునికి ధారపోయుట సామాన్యమా?

అయినను ఈ కథ ఇంతటితో శుభముగా ముగియలేదు. స్టీగ్లిట్జ్ ప్రేమించినంతగా పాలించెను. ఆయన చుట్టు చేరినవారికి వేరొక సూర్యుడుండరాదు. స్ట్రాండ్ చాలకాలము ఆ వెలుగులోనే ఉండెను. 1932లో స్టీగ్లిట్జ్ కొత్త ప్రదర్శనశాలలో స్ట్రాండ్ చిత్రములు, ఆతని భార్య చిత్రములు కలిసి ప్రదర్శింపబడినవి. ఆ తరువాత గురుశిష్యులు విడిపోయిరి. స్ట్రాండ్ మెక్సికోకు పోయెను. నలుబది రెండేండ్ల వయస్సున గురువు ఇల్లు విడుచుట తేలిక కాదు. మనలో పలువురకు ఇది కృతఘ్నతవలె తోచవచ్చును. అట్లు తోచుటకు కారణము గురుభక్తియందు మనకు గల గౌరవము. కాని అచ్చట మెక్సికోలో ఆతడు చేసిన పనిని చూచిన పిదప తీర్పు చెప్పవలెను. గుడులలోని క్రీస్తు ప్రతిమలను, సంతలలో కూర్చున్న స్త్రీలను చిత్రించెను. అచ్చటి ప్రభుత్వము తరఫున వేరక్రూజ్ తీరమున బెస్తవారి కష్టములను గురించి తీసిన రేదెస్ అను చలనచిత్రములో ముఖ్యపాత్ర వహించెను. అది 1936లో విడుదలయ్యెను. శ్రమజీవి ముఖము ఎదుట కెమెరా పెట్టుట ఎవరి మార్గము? ఇరువదియైదేండ్ల క్రితము పాఠశాలలో నాటిన విత్తనము అప్పుడు మొలకెత్తెను.

ఈలోగా స్ట్రాండ్ తానును తెలియకుండ గురువయ్యెను. ఆన్సెల్ ఆడమ్స్ అను యువకుడు పియానో వాద్యములో శిక్షణ పొంది, దానినే వృత్తిగా స్వీకరింపదలచియుండెను. 1930లో న్యూ మెక్సికోలోని టావోస్‌లో ఆతడు స్ట్రాండ్‌ను కలిసెను. స్ట్రాండ్ దగ్గర ముద్రించిన చిత్రములు లేవు, నెగటివులే ఉండెను. వానినే కిటికీ వెలుతురునకు ఎదురుగా చూపించెను. నెగటివులో నలుపు తెలుపుగను, తెలుపు నలుపుగను ఉండును. అయినను ఆ కొలదిసేపు చూచుటతోనే ఆడమ్స్ ఛాయాచిత్రమే తన జీవితమని నిర్ణయించుకొనెను. తరువాత కొండలను, అడవులను చిత్రించి లోకప్రసిద్ధుడయ్యెను. ఒక్క పాఠము, అదియు తలక్రిందుల వెలుగునీడలలో!

1950లో స్ట్రాండ్ ఫ్రాన్సుకు వలసపోయెను. ఇటలీలో పో నది ప్రాంతమున లుజ్జారా అను చిన్న ఊరిలో, ఆ ఊరివాడే అయిన రచయిత జవత్తీనీతో కలిసి పని చేసి, 1955లో ఒక గ్రంథము ప్రకటించెను. అందులో ఒక ఇంటి వాకిలి చిత్రమున్నది. గుమ్మములో తల్లి నిలిచియున్నది; ఆమె చుట్టును ఐదుగురు కుమారులు, ఒక సైకిలు. ఒక్కరును నవ్వుట లేదు. ఒక్కరును దీనముగా లేరు. గోడ పెచ్చు, తలుపు చెక్క, కాళ్ల చెప్పులు దేనికి దానికి తన స్వభావమున్నది. స్టీగ్లిట్జ్ చెప్పినట్లు చెక్క చెక్కవలె, గోడ గోడవలె ఉన్నవి. హైన్ చెప్పినట్లు మనుష్యులు మన కంటికి సూటిగా ఎదురు నిలిచియున్నారు. ఇది స్ట్రాండ్ తప్ప మరియొకడు తీయగల చిత్రము కాదు.

ఇక హైన్ సంగతి. రెండవ గురువు పేరు ప్రపంచము మారుమ్రోగగా మొదటి గురువును లోకము మరచెను. బాలకార్మికుల పని గంటలను నియమించు 1916 నాటి చట్టమును అమెరికా సుప్రీము కోర్టు 1918లో కొట్టివేసెను. తుదకు 1938లో గట్టి చట్టము వచ్చెను. ఆయన శ్రమ ఫలించుటకు అంత కాలము పట్టెను. 1930, 31 సంవత్సరములలో ఎంపైర్ స్టేట్ భవనము కట్టు కూలీలను, వందల అడుగుల ఎత్తున ఇనుప దూలముల మీద నిలిచినవారిని, తానును అంత ఎత్తుకెక్కి చిత్రించెను. అప్పటికి ఆయనకు ఏబది యారేండ్లు దాటినవి. ఆ తరువాత పని దొరకుట కష్టమయ్యెను. ప్రభుత్వ ఛాయాచిత్ర విభాగములో చేరవలెనని ప్రయత్నించెను గాని తీసికొనలేదు. ఇల్లు అప్పు క్రింద పోయెను. 1940 నవంబరులో పేదవాడుగనే మరణించెను.

ఆయన మరణానంతరము గాజు పలకలు, చిత్రములు కుమారుని చేతిలో మిగిలినవి. కుమారుడు వానిని న్యూయార్కులోని ఫోటో లీగ్ అను సంఘమునకు అప్పగించెను. అది జీతముల మీద బ్రదుకు సామాన్యులు, యువకులు చేరి నడుపుకొను చిన్న సంఘము. పాల్ స్ట్రాండ్ దానికి అండగా నిలిచిన పెద్దలలో ఒకడు. 1947లో ప్రభుత్వము ఆ సంఘమును అనుమానితుల పట్టికలో చేర్చగా, సభ్యులు క్రమముగా చెదరి, 1951లో అది మూతపడెను. హైన్ పలకలు మాత్రము చెడలేదు. అవి రోచెస్టరు నగరమునందలి ఈస్టుమన్ ప్రదర్శనశాలకు చేరి, నేటికిని అచ్చట భద్రముగా ఉన్నవి.